నల్లపూసలు పెరిగినయి

ఉద్యోగ జ్ఞాపకాలు రిటైరైన పెద్దలు రాసుకునేవి. నా వయసు అందుకు చాలదు. అయినా నేనూ ఒక కొలువు నుంచి రిటైరయ్యాను. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కార్గో వైపు ఒక చిన్న ఏజెంటు ఆఫీసు, అందులో కంప్యూటర్ ముందు కూర్చునే కొలువు. వెళ్లిపోయే రోజు శాలువా కప్పలేదు గానీ సమోసాలు తెప్పించారు. ఆ కొలువు చేస్తూనే పక్కన మొదలుపెట్టిన ఆన్‌లైన్ నగల దుకాణం ఇప్పుడు నా పూర్తి పని అయింది. దుకాణం ఎట్లా పెరిగిందో చెప్పమని మా ఊరి వైపు డిగ్రీ చదివే చెల్లెళ్లు అడుగుతుంటారు. ‘పెరగడం’ అనే మాట వినగానే నాకు ముందు నవ్వొస్తుంది, వెనకే సిగ్గేస్తుంది. ఎందుకో చెప్తాను. దుకాణం పెట్టేవాళ్లకు నేను చెప్పగలిగిందంతా అందులోనే ఉంది.

విమానం ఎక్కే సరుకులకు కాగితాలు టైపు చేయడం నా పని. మందుల పెట్టెలు, మామిడిపండ్లు, యంత్రాల ముక్కలు. సరుకు మాట్లాడదు కాబట్టి నేనూ మాట్లాడే పని లేదు. నాకది హాయిగా ఉండేది. ఎవరైనా పలకరిస్తే జవాబు నా నోట్లో తయారయ్యేలోపు వాళ్లు వెళ్లిపోయేవారు. లంచ్ టైంలో టిఫిన్ డబ్బా పక్కన పుస్తకం పెట్టుకుని చదువుకునేదాన్ని. నచ్చిన మాట కనబడితే ఇంటికెళ్లి డైరీలో రాసుకునేదాన్ని. తెలుగు మాటలంటే అంత పిచ్చి. అంత పిచ్చి ఉన్నదాన్ని ఒకే ఒక్క మాట దగ్గర బోర్లా పడ్డాను.

మా అమ్మ ఇంట్లో చీరలకు ఫాల్ కుట్టేది, కొంగులకు కుచ్చులు వేసేది. ఆమె వేళ్లు చూస్తుంటే సూది తనంతట తనే పోతున్నట్టు ఉండేది. కుచ్చుల్లో మిగిలిన ముత్యాలతో నాకొక చిన్న దండ గుచ్చింది. అది వేసుకుని ఆఫీసుకి పోతే షిఫ్టు బస్సులో సెక్యూరిటీ అక్క ఒకామె ఆపి, “ఏడ తీసుకున్నవ్? నాకొకటి నల్లపూసలల్ల చేపియ్యవా?” అంది. ఎయిర్‌పోర్టులో పనిచేసే పెళ్లైన ఆడవాళ్లు పుస్తెలతాడు యూనిఫాం లోపలికి తోసేసి, పైన కనబడేటట్టు ఒక పొట్టి నల్లపూసల దండ వేసుకుంటారు. కౌంటర్లో ఉండేవాళ్లు, ఊడ్చేవాళ్లు, తనిఖీ చేసేవాళ్లు, అందరి మెడలోనూ అదే. అక్కడే నాకు దుకాణం కనబడింది.

అమ్మకు చెప్తే ముత్యాలన్నప్పుడు ఊకొట్టింది. నల్లపూసలు అనగానే చేతిలో సూది ఆగింది.

“నా చెయ్యి తగులొద్దు బిడ్డా అయిటికి.”

నాకు నాలుగేళ్లప్పుడు బాపు పోయాడు. అప్పటి నుంచి పెళ్లిళ్లలో అమ్మ వెనక వరసలో నిలబడేది. పసుపు కుంకుమల పళ్లెం తన వైపు వస్తుంటే అంతకు ముందే వంటింట్లోకి ఏదో పని వెతుక్కుని పోయేది. నేను అది చూస్తూనే పెరిగాను. అయినా ఆ రోజు తేలిగ్గా అనేశాను.

“ఎవరు చూస్తరమ్మా? ఆన్‌లైన్ కదా.”

అమ్మ సూదిని దారపు ఉండకు గుచ్చి పక్కన పెట్టింది. చివరికి, “గుచ్చిందెవరో చెప్పకు మల్ల” అంది.

అట్లా మొదలైంది. మాట్లాడలేని నేను, కనబడొద్దనుకున్న అమ్మ. మా ఇద్దరికీ ఇంతకంటే అనువైన దుకాణం దొరకదు. బేగంబజార్ నుంచి పూసలు తెచ్చేదాన్ని. అమ్మ సన్నటి తీగకు గుచ్చేది. తీగ చివర ఆవగింజంత ఇత్తడి గొట్టం తొడిగి, దాన్ని పట్కారతో నొక్కితే కొక్కెం ఊడకుండా ఉంటుంది. ఆ నొక్కడం నా వంతు. కిటికీ అరుగు మీద తెల్లగుడ్డ పరిచి ఫొటో తీసి పేజీలో పెట్టేదాన్ని. విమానం మా ఇంటి మీదుగా పోయినప్పుడల్లా కిటికీ అదిరి ఫొటో చెడేది. ఫోన్ నంబర్ మాత్రం ఎక్కడా పెట్టలేదు. ‘మెసేజ్ చేయండి’ అని రాశాను. మెసేజ్‌లో నేను ఎంత మాటకారినో మీరు నమ్మలేరు.

దండలు బాగానే పోయాయి. మొదట ఎయిర్‌పోర్టు వాళ్లు, తర్వాత వాళ్ల చుట్టాలు. ఆరాంఘర్ నుంచి, మైలార్‌దేవ్‌పల్లి నుంచి, రాజేంద్రనగర్ కాలనీల నుంచి.

మా ఆఫీసులో గుంటూరు వైపు నుంచి వచ్చిన మేడం ఒకరు ఉండేవారు. అకౌంట్లు చూసేవారు. మమ్మల్ని ‘అమ్మాయ్’ అని పిలిచినా ఎంతో మర్యాదగా మాట్లాడేవారు. ఆమె కూడా నా దగ్గర ఒక దండ తీసుకున్నారు. ఒక పొద్దున నా సీటు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నారు.

“అమ్మాయ్, నువ్విచ్చిన నల్లపూసలు పెరిగాయమ్మా.”

నేను ఆమె మెడ వైపు చూడలేదు. ఎవరినైనా సరిగ్గా చూడటం నాకు రాదు. దండ వేసుకోగా వేసుకోగా కొంచెం సాగి, మెడకు అందంగా వాలిందని చెప్తున్నారనుకున్నాను. లేదా మెచ్చుకోవడంలో అది వాళ్ల వైపు పద్ధతేమో అనుకున్నాను.

“థాంక్యూ మేడం!” అన్నాను. ఆ ఏడాది నేను ఆఫీసులో తడుముకోకుండా అన్న మాట బహుశా అదొక్కటే.

ఆమె నన్ను వింతగా చూసి వెళ్లిపోయారు. తర్వాత కొన్నాళ్లు టీకి పిలవలేదు. నేనేదో చేశానని అర్థమైంది గానీ ఏం చేశానో అడిగేంత నోరు నాకు లేదు.

తర్వాత మెసేజ్‌లు మొదలయ్యాయి. ‘అక్కా నల్లపూసలు పెరిగినయి.’ ‘మేడం నిన్ననే పెరిగాయి, ఏం చేయమంటారు?’ నేను వరసగా జవాబులు ఇచ్చాను. ‘కొత్తలో కొంచెం సాగడం సహజమే అక్కా, మంచిగా సెట్ అవుతుంది’ అని రాసి కింద నమస్కారం బొమ్మ, నవ్వు బొమ్మ. కొందరు తిరిగి ఏమీ రాయలేదు. జవాబు నచ్చింది కాబట్టే ఊరుకున్నారనుకున్నాను. మైలార్‌దేవ్‌పల్లి నుంచి ఒక అమ్మాయి రాసింది. ‘పెండ్లయి నెల కాలే అక్కా. అప్పుడే పెరిగినయి. మా ఇంట్ల అందరు పరేషాన్ అయితున్నరు.’

దండ కొంచెం పొడుగైతే ఇంట్లో అందరూ పరేషాన్ కావడమేంటని నాకు నవ్వొచ్చింది. ఆ పిల్లకు ధైర్యం చెప్పాలనిపించి రాశాను.

‘పెరిగితే మంచిదే కదా అక్కా.’

కింద పువ్వు బొమ్మ కూడా పెట్టాను.

ఆ మాట ఫొటోగా మారి వాళ్ల కాలనీ ఆడవాళ్ల గ్రూపుల్లో తిరిగింది. అక్కడి నుంచి నా పేజీ కిందికి వచ్చింది. ‘ఈమెకు ఇంట్ల అక్కాచెల్లెండ్లు లేరా?’ ‘నీవి పెరిగితే తెలుస్తది.’ ‘ఇసొంటిదాని చేతి సొమ్ము మెడల ఏసుకోవద్దు.’ ఆర్డర్లు ఆగిపోయాయి. తిడుతున్నారని తెలుస్తోంది, ఎందుకో తెలియడం లేదు. ప్రతి కామెంటునూ పరీక్షలో కష్టమైన ప్రశ్నలా మళ్లీ మళ్లీ చదివాను.

చివరికి గుంటూరు మేడమే నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ ఫొటో ఆమెకూ చేరింది.

“ఇది నువ్వే రాశావా అమ్మాయ్?”

తలూపాను.

“పెరగడం అంటే నీకేం తెలుసు?”

“పొడుగవడం.”

ఆమె నవ్వాలో ఏడవాలో తెలియనట్టు నుదురు పట్టుకున్నారు.

“పిచ్చి పిల్లా! తాళిబొట్టు, నల్లపూసలు, గాజులు... ఇవి తెగాయి, పగిలాయి అనకూడదు. అశుభం. అందుకని పెరిగాయి అంటాం. నాది తెగిపోయిందని నీకు చెప్తే థాంక్యూ అన్నావు నువ్వు!”

నా తప్పు కంటే ముందు నాకు తట్టింది ఆ మాట అందం. తెగినదాన్ని పెరిగింది అనడం. ఎవరో ఆడవాళ్లు భయపడి, ఆ భయాన్ని తిరగేసి కుట్టిన మాట. తర్వాత ఆ పెళ్లికూతురు గుర్తొచ్చింది. నెల తిరక్కుండా దండ తెగిన పిల్లకు ‘మంచిదే కదా’ అని పువ్వు పెట్టాను.

అందరికీ క్షమించమని మెసేజ్‌లు పెట్టాను. చాలామంది పోనీలే అన్నారు. మైలార్‌దేవ్‌పల్లి పిల్ల నుంచి మాత్రం ఒకటే వాక్యం వచ్చింది. ‘మా అత్తమ్మ ఆదివారం మీ ఇంటికి వస్త అంటున్నది.’ పార్సిల్ మీద మా చిరునామా ఉంది కదా.

అమ్మకు సగమే చెప్పాను. దండ తెగిందని ఎవరో వస్తున్నారన్నాను. “అయితే నేను లోపలుంట” అని అమ్మ తలుపుకు తెర లాగింది. లోపలి గదిలో తెర వెనక అమ్మ, ముందు గదిలో నేను. బయట ఆటో ఆగింది.

వచ్చినామెకు యాభై దాటి ఉంటాయి. నుదుట రూపాయంత బొట్టు. వెనక కోడలు, తల దించుకుని, చేతిలో తెగిన పూసలు ముడివేసిన దస్తీ రుమాలు. ఆ పిల్ల నాకంటే చిన్నది. మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు. కూర్చోమంటే కూర్చోలేదు వాళ్లు.

“నువ్వేనా దుకాణం పెట్టింది?”

“అవును పెద్దమ్మా.”

“ఇవి పెరిగిన దినమే మా కొడుకు కారు ఆరాంఘర్ కాడ డివైడర్‌కు గుద్దుకున్నది. చెయ్యి ఇరిగి కట్టు కట్టుకుని పండుకున్నడు. మంచిదేనా అది? చెప్పు, మంచిదేనా?”

ఆమె కొడుకు ఎయిర్‌పోర్టుకు క్యాబ్ తోలుతాడట. కోడలి కాలు మంచిది కాదని చుట్టాలు అప్పుడే అనడం మొదలుపెట్టారట. ఈమె కోపం సగం నా మీద, సగం ఆ పిల్ల మీద. ఆ పిల్ల మెడ ఇంకా ఇంకా కిందికి వంగుతోంది. ఆ వంగడం నాకు తెలుసు. పెళ్లిళ్లలో మా అమ్మ మెడ అట్లాగే వంగేది.

“నాకు ఆ మాట తెల్వదు పెద్దమ్మా” అన్నాను. ఎట్లా బయటికి వచ్చిందో గానీ వచ్చింది.

“తెల్వదా? ఏ దేశం మీది?”

“ఈ ఊరే.”

“ఈ ఊరోళ్లకు తెల్వని మాటనా? సదువుకున్నవ్ గద, సదువుల చెప్పలేదా? మీ అమ్మ చెప్పలేదా?”

దానికి నా దగ్గర జవాబు ఉంది. కానీ అది తెర వెనక నిలబడి ఉంది.

తెర కదిలింది. అమ్మ బయటికి వచ్చి గడప మీదే నిలబడింది.

“దాన్ని అనకక్కా. నేనే నేర్పలే. మా ఇంట్ల ఎవరి మెడల ఉన్నయని పెరుగుతయి?”

పెద్దమ్మ అమ్మ నుదురు చూసింది, మెడ చూసింది. ఆమె ముఖంలో కోపం పోయి ఏదో మెత్తనిది రాబోయింది. అంతలో మరో ఆలోచన దాన్ని ఆపేసింది. నాకు ఆ ఆలోచన రావడం కనబడింది.

“మరి... ఇవి గుచ్చిందెవరు?”

“నేనే” అన్నాను.

“నేను” అంది అమ్మ, అదే క్షణంలో.

పెద్దమ్మ కోడలి చేతిలోంచి దస్తీ తీసుకుని తన కొంగులో పెట్టుకోబోయింది. అంతే, అయిపోయింది అనుకున్నాను. ఇగ ఈ కబురు కూడా కాలనీ అంతా పోతుంది. దుకాణం పోతే పోనీ, అమ్మ మళ్లీ ఆ తెర వెనక నుంచి రాదు. నాకు భయమేసింది దానికే.

“అత్తమ్మా, జర ఆగు.”

ఆ పిల్ల మాట్లాడటం అదే మొదటిసారి. అత్త చేతిలోంచి దస్తీ మెల్లగా లాక్కుని, నాలుగడుగులు వేసి, అమ్మ చేతుల్లో పెట్టింది.

“తెగినయి చిన్నమ్మా. మల్ల గుచ్చియ్యి.”

“ఛీ! ఆ మాట అనొద్దని చెప్పిన గదనే!”

“పెరిగినయి అని రాస్తేనే గదా ఇంత లొల్లయింది? తెగినయని రాస్తే ఆ అక్క ఎన్నడో బాగు జేసి పంపుతుండె. నీ కొడుకు ఫోన్ల మాట్లాడుకుంట తోలి గుద్దిండు. ఆయనే చెప్పిండు నాకు. పూసలేం జేసినయి?”

ఫోన్ సంగతి పెద్దమ్మకు అప్పటిదాకా తెలియదని ముఖమే చెప్పింది.

“ఫోన్ల మాట్లాడిండా? గాడిది కొడుకు! నాతోటి కుక్క అడ్డమొచ్చిందన్నడు.” ధబ్బున కూర్చుంది. “బిడ్డా, జరన్ని మంచినీళ్లు తే.”

నేను నీళ్లు తెచ్చేసరికి అమ్మ దస్తీ విప్పి, తీగ కొసను వెలుతురుకు పట్టి చూస్తోంది. “గుచ్చిన కాడ తెగలే. ఈ గొట్టం కాడ తెగింది. ఎవరు ఒత్తిండ్రు దీన్ని ఇంత గట్టిగ?”

ఇంకెవరు? ఊడిపోకూడదని బలమంతా పెట్టి నేను నొక్కిన చోటే తీగ కోసుకుపోయింది. వెళ్లిన దండలన్నిటికీ అదే గతి. మాట తెలిసి ఉంటే మొదటి మెసేజ్‌కే ఇది తెలిసేది.

అమ్మ గొట్టం తీసేసి గట్టి పట్టుదారం తీసుకుంది. పెద్దమ్మ కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత మెల్లగా తల ఇటు తిప్పింది. ఇంకాసేపటికి ఆగలేకపోయింది.

“గట్ల కాదు చెల్లె. నడిమి గుండుపూసకు ఇటు రెండు, అటు రెండు చిన్నయి రావాలె.”

“ఇప్పటోళ్లు అట్ల ఏస్తలేరక్కా.”

“మా కోడలుకు అట్లనే కావాలె. ఇటు తే, చిన్నయి నేను ఏరిస్త.”

ఇద్దరూ ఒకే పళ్లెం మీద వంగారు. దారం చివరికి వచ్చినప్పుడు పెద్దమ్మ, “ముడి రెండుసార్లు ఎయ్యి” అంది. వేశాక తనే రెండు చేతులతో గుంజి చూసింది. కోడలి మెడలో తనే వేసింది. ఆ పిల్ల నా వైపు చూసి ఇంత చిన్నగా నవ్వింది. మాటలు రానివాళ్లం ఒకరినొకరం గుర్తుపడతాం.

వాళ్లు లేస్తుంటే అమ్మ అలవాటుగా నాకు సైగ చేసింది. బొట్టు నేనే పెట్టాను. అమ్మను పెట్టమని పెద్దమ్మ అడగలేదు. అంత దూరం ఆమె రాలేదు. చాలా రోజులు నాకు దాని మీద కోపం ఉండేది. ఇప్పుడనిపిస్తుంది, పొద్దున ఆటో ఎక్కినప్పుడు ఆమె ఎక్కడుందో అక్కడి నుంచి ఆ పళ్లెం దాకా రావడమే తక్కువ దూరం కాదని. గేటు దగ్గర మాత్రం వెనక్కి తిరిగి, “చెల్లె, మా కోడలు సీమంతానికి ఒక దండ గుచ్చాలె, ఇప్పుడే చెప్తున్న” అంది. కోడలు సిగ్గుతో చచ్చిపోయింది. “ఇంకా అట్లాంటిదేం లేదు చిన్నమ్మా, ఊకెనే అంటది!” అని ఆటోలోకి ఉరికింది.

మర్నాడు అమ్మ చేతుల ఫొటో పేజీలో పెట్టాను. పూసల పళ్లెం, సూది, ఆ వేళ్లు. కింద రాశాను: ‘ఇవి గుచ్చేది మా అమ్మ. పెరిగితే చెప్పండి, మళ్లీ గుచ్చి ఇస్తాం.’ పాత దండలన్నీ వెనక్కి తెప్పించి పట్టుదారంతో మళ్లీ గుచ్చాం. మీ అమ్మగారు ముత్తైదువేనా అని కొందరు అడిగారు. కాదని చెప్పాను. కొందరు ఆ తర్వాత రాలేదు, కొందరు వచ్చారు. ఎవరు ఎందుకు వచ్చారో, ఎందుకు రాలేదో నేను లెక్క తీయలేదు. గుంటూరు మేడం మాత్రం నన్ను మళ్లీ టీకి పిలిచి, కొత్త దండ వేసుకుని, “ఇది పెరగదు కదా?” అని ఆఫీసంతా వినేటట్టు అడిగారు.

పేజీలో ఫోన్ నంబర్ కూడా పెట్టాను. మొదట్లో మోగినప్పుడల్లా రెండు మూడు రింగులు పోనిచ్చేదాన్ని. ఇప్పటికీ ఒక రింగు పోనిస్తాను. కానీ ఎత్తుతాను. ‘పెరిగినయి’ అనే అక్షరాల్లో నాకు వినబడనిది, ఆ మాట అనేటప్పుడు తగ్గే గొంతులో వినబడుతుంది. చెల్లెళ్లకు నేను చెప్పేది ఇంతే. పేజీ అందంగా పెట్టుకోండి, ఫొటోలు బాగా తీయండి, కానీ ఎవరైనా బాధగా ఒక మాట రాస్తే ఒకసారి ఫోన్ చేయండి. ఆ మాట మీ ఇంట్లో లేనిదై ఉండొచ్చు.

మొన్న మధ్యాహ్నం అమ్మ కిటికీ దగ్గర ఒక పొడుగు దండ గుచ్చుతోంది. విమానం ఒకటి బాగా కిందుగా పోయింది, కిటికీ అదిరింది, దారం జారి పూసలన్నీ గచ్చు మీద చెల్లాచెదురయ్యాయి. తలుపు దాకా, మంచం కిందికి, నా కాళ్ల మీదికి. అమ్మ ఖాళీ దారం పట్టుకుని ఒక్క క్షణం చూసింది.

“పెరిగినయే బిడ్డా” అంది.

అని, తన నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు తనే ఆశ్చర్యపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మా ఇంటి పూసలకు అమ్మ ఆ మాట అనడం అదే మొదలు. ఇద్దరం గచ్చు మీద కూర్చుని ఏరుకున్నాం.